స్టేజి మీద ఆంధ్రా, ఆఫీసులో ముల్కి

1972 చలికాలంలో పంచాయతీ సమితి ప్రెసిడెంటు బద్రీనాథ్ గారు కొండాపూర్ స్కూలు ఆవరణలో ఒక చారిత్రక ప్రకటన చేశారు.

"దొంగ ముల్కి సర్టిఫికెట్ తోని నౌకరి జేసే సారు ఉగాది వరకు మా సమితిల ఒక్కడు గూడ ఉండడు!"

తెలంగాణ నౌకరీలు ఇక్కడివాళ్లకే అన్నది రూలు. ఇక్కడివాడినే అని చూపించే కాగితం ముల్కి సర్టిఫికెట్. ప్రెసిడెంటుగారు మాట ఇచ్చారంటే ఇచ్చినట్టే. నిలబెట్టుకోవడం వేరే శాఖ వాళ్లు చూసుకుంటారు.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది సుశీల టీచరు. జోగిపేట ధాన్యం వ్యాపారి కూతురు. మూడేళ్లుగా టెంపరరీ మీద లెక్కలు చెబుతోంది. ప్రతి ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆమెను ఇంటికి పంపేది, జూన్‌లో మళ్లీ గుర్తు చేసుకునేది. లెక్కల పర్మనెంటు పోస్టులో గోదావరి నుంచి వచ్చిన త్రినాథరావు ఉన్నాడు. ఆయన సర్టిఫికెట్ ప్రకారం ఆయన జోగిపేటలో పుట్టాడు. జోగిపేటలో తనకు తెలియకుండా ఒక లెక్కల మాస్టారు ఎలా పుట్టాడో సుశీలకు అర్థం కాలేదు. ఆ సాయంత్రమే అర్జీ రాసింది.

"నా మీద అర్జీ పెట్టారటగా టీచరుగారూ?" అన్నాడు మర్నాడు త్రినాథరావు.

"పెట్టిన. నా కుర్సీల మీరు కూసున్నరు. లేవుమన్న."

"దీనికి మూడు కాళ్లేనండి. కూర్చున్నా సగం లేచినట్టే ఉంటుంది."

సుశీల నవ్వలేదు. ఆ రోజు నుంచి స్కూల్లో యుద్ధం మొదలైంది. బోర్డు మీద గీసే పెద్ద చెక్క వృత్తలేఖిని ఆయన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. మూలమట్టం ఆమె పెట్టెలో దాచుకుంది. కొండాపూర్‌లో ఏడో తరగతి పిల్లలకు వృత్తాలు తప్ప, ఆరో తరగతి పిల్లలకు త్రిభుజాలు తప్ప వేరే ఏమీ తెలియకుండా పోయింది.

ఇలాంటి తగాదాలు తీర్చడానికే సంగారెడ్డిలో విచారణాధికారిని వేశారు. ప్రతి మంగళవారం పదకొండు గంటలకు అర్జీ పెట్టినవాళ్లూ, పెట్టించుకున్నవాళ్లూ ఇద్దరూ హాజరు కావాలి. మొదటి మంగళవారం ఇద్దరూ ఒకే బస్సులో, ముందొకరు వెనకొకరు కూర్చుని వెళ్లారు.

"సాబ్ క్యాంపుల ఉన్నడు. ఈ రిజిస్టర్ల దస్కతులు వెట్టి సాయంత్రం దాక కూసోండ్రి. వచ్చినా వస్తడు," అన్నాడు గుమాస్తా పాండురంగం.

సాబ్ రాలేదు. రెండో మంగళవారమూ రాలేదు. వరండాలో ఉన్నది ఒకటే బెంచీ. ఈ విధంగా ప్రభుత్వం, ఇద్దరు శత్రువులు వారానికి ఒక రోజంతా పక్కపక్కన కూర్చునే ఏర్పాటు చేసింది. కన్నవాళ్లు కూడా ఇంత శ్రద్ధగా సంబంధం చూడరు.

నాలుగో మంగళవారం సుశీల పరీక్ష పేపర్లు తెచ్చుకుంది. ఊరికే కూర్చోలేక త్రినాథరావు అడగకుండానే సగం తీసుకుని దిద్దాడు. ఏం తప్పులు చేశాడో చూద్దామని ఆమె తిరగేసింది. లెక్క తప్పిన చోట ఆమె ఎప్పుడూ అడ్డంగా కొట్టేసేది. ఆయన అలా కొట్టలేదు. తప్పు మొదలైన వరుస కింద చిన్న గీత గీసి, "ఇక్కడిదాకా కరెక్టే చేశావు" అని రాశాడు. ముప్పై పేపర్లలోనూ అదే ఓపిక.

సుశీలకు కోపం రావలసిన చోట ఇష్టం వచ్చింది. ఆ ఇష్టం మీద మళ్లీ కోపం వచ్చింది.

"మరి ఆ సర్టిఫికెట్ సంగతేంది?" అంది, గొంతు కటువుగా పెట్టబోయి.

"మీ ప్రెసిడెంటుగారే ఇప్పించారండి. నేను జోగిపేటలో పుట్టడం కళ్లారా చూశానని సంతకం పెట్టారు."

"ఊకెనే వెట్టిండా?"

"ఊరికే పెట్టే సంతకం ఆయన దగ్గర లేదండి."

అప్పుడు నవ్వింది సుశీల. ఆ తర్వాత సోమవారాలు గడవడం కష్టమైంది. సాబ్ ఎక్కడ వచ్చేస్తాడో అని ఇద్దరికీ భయం పట్టుకుంది. తొమ్మిదో మంగళవారం త్రినాథరావు మనసులో మాట చెప్పాడు. పదో మంగళవారం సుశీల సరేనంది. స్కూల్లో బీరువా తాళం తెరుచుకుంది. పిల్లలకు వృత్తంలో త్రిభుజం గీయడం వచ్చింది.

పదకొండో మంగళవారం సుశీల అర్జీ వాపసు ఇమ్మని పాండురంగాన్ని అడిగింది.

"విచారణ గానిది అర్జీ వాపస్ గాదమ్మ. సాబ్ రానిది విచారణ గాదు." పెళ్లి సంగతి వినగానే అతను అట్టలూడిన పుస్తకం ఒకటి తీశాడు. "ఒక్క మాట జెప్త, పరేషాన్ గాకు. ముల్కి ఆడివిల్ల గైర్ముల్కిని, అంటే బయటోన్ని, చేసుకుంటే ఆమె గూడ గైర్ముల్కే అయితది."

"అంటే నేను రాసింది నిజమైతే ఇద్దరి నౌకరీలు పాయె?"

"అవునమ్మ. అబద్ధమైతే ఇద్దరు సల్లగుంటరు."

సుశీల అక్కడే రెండో అర్జీ రాసింది. తాను పొరబడ్డానని, త్రినాథరావు తమ ఇంటి వెనక గల్లీలోనే పుట్టాడని. పుట్టి బుద్ధెరిగి ఆమె రాసిన మొదటి అబద్ధం అది. దస్తూరి ముత్యాల్లా వచ్చింది.

అంతలో ఢిల్లీ గాలి మారింది. ఆంధ్రా, తెలంగాణ కలిసే ఉండాలన్న సమైక్యత ప్రచారానికి కేంద్ర మంత్రి వస్తున్నారన్నారు. బద్రీనాథ్ గారు రాత్రికి రాత్రే సమైక్యవాది అయ్యారు. పెళ్లి సంగతి చెవిన పడి ఇద్దరినీ పిలిపించారు.

"మంత్రిగారి చేతుల మీద మీ పెండ్లి. ఆంధ్ర పిలగాడు, తెలంగాణ పిల్ల. దేశమంత సూస్తది!"

"సారు ఆంధ్రా గాదు. జోగిపేటల పుట్టిండు. మీరే సూసిన్రట గద," అంది సుశీల.

ప్రెసిడెంటుగారు రెండు క్షణాలే ఆలోచించారు. మహానుభావులకు అంతకంటే ఎక్కువ పట్టదు.

"స్టేజి మీద ఆంధ్రా, ఆఫీసుల ముల్కి. రెండు గంటల ముచ్చట బిడ్డా! కాదంటవా, జెప్పు. విచారణ సాబ్‌ను రేపే క్యాంపు నుంచి పిలిపిస్త."

సుశీల కాదనలేకపోయింది. గోదావరి అల్లుడనగానే మండిపడ్డ తండ్రి కూడా, మంత్రిగారి పేరు వినగానే మెత్తబడి ముందు వరుసలో కుర్చీ అడిగాడు.

మంత్రిగారు ముహూర్తానికి మూడు గంటలు ఆలస్యంగా వచ్చారు. అక్షింతలు వేసి, మైకు పెళ్లికొడుకు మూతి దగ్గర పెట్టి, "బేటా, తుమ్ కహాఁ కే హో?" అని ఏ ఊరో అడిగారు. త్రినాథరావు సుశీల వైపు చూశాడు. ఆమె తల వంచుకుంది.

"గోదావరి జిల్లా సార్."

మైదానం దద్దరిల్లింది. మర్నాడు పత్రికలో ఫోటో పడింది.

ఆ మంగళవారం విచారణాధికారి మొట్టమొదటిసారి సీట్లో ఉన్నారు. ఫైల్లో పత్రిక ముక్క అతికించి ఉంది. కేంద్ర మంత్రి ఎదుట మైకులో ఒప్పుకున్నాడు, ఇక వేరే సాక్ష్యం ఎందుకు అన్నారు. మూడు నెలల విచారణ నాలుగు నిమిషాల్లో ముగిసింది. త్రినాథరావు పోస్టూ, సుశీల పోస్టూ రెండూ పోయాయి. పర్మనెంటు పోస్టులో ప్రెసిడెంటుగారి అల్లుడు చేరాడు. అసలు సిసలు ముల్కి. లెక్కలు మాత్రం రావు.

త్రినాథరావుకు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో గేటు దగ్గర హాజరు రాసే పని దొరికింది. అక్కడ ఎవరూ ఏ ఊరని అడగలేదు. సుశీల మాత్రం ఊరుకోలేకపోయింది. బడి గంట వేళకు చేతిలో పని వదిలి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేది. ఒక రోజు తిన్నగా సమితి ఆఫీసుకు పోయి బద్రీనాథ్ గారి ఎదుట నిలబడింది.

ఆయన నొచ్చుకున్నారు. టీ తెప్పించారు. తెల్ల కాగితం, పెన్ను ముందుకు జరిపారు.

"నీ టెంపరరీ పోస్టు ఖాళీగనే ఉంచిన బిడ్డా. పెనిమిటిని ఇడిచిపెట్టిన అని ఒక్క ముక్క రాసియ్యి. నీ ముల్కి నీకు వాపస్ వస్తది."

"మంత్రిగారు జేసిన పెండ్లి గద! నేను ఈ గడ్డ మీద పుట్టిన పిల్లనే గద! మీకు ఎరుక లేదా?"

"ఎందుకెరుక లేదు?" బద్రీనాథ్ గారు గొంతు గద్గదం చేసుకుని, తన వెనక గోడకు వేలాడుతున్న అద్దాల పటం చూపించారు. అందులో మంత్రిగారు, ప్రెసిడెంటుగారు, మధ్యలో పూలదండలతో సుశీల, త్రినాథరావు.

"గా ఫోటోల సూడు బిడ్డా. కింద ఏం రాసిన్రు? తెలంగాణ ఆడబిడ్డ అని రాసిన్రు. గా ఫోటోల నుంచి నిన్ను ఎవ్వడు తియ్యలేడు."