గవర్రాజు అథ్లెట్లు

బస్తర్‌లో బలహీనతను విశ్వకర్మ పూజకల్లా రద్దు చేస్తున్నట్టు మంత్రిగారు ఇనుప గనుల ఊరు కిరండూల్ మైదానంలో ప్రకటించారు. పూజనాడు తన దారుఢ్య మిషన్ ఆఫీసర్లు తాడు లాగే పోటీలో గని లోడింగు కూలీలను ఓడిస్తారన్నారు. అందుకు స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ నిపుణుడు కావాలట. జీతం లేదు, క్వార్టరు ఉంటుంది.

ఆ చివరి మాటకు గవర్రాజు చెవులు నిక్కబొడుచుకున్నాయి. గనిలో రిటైరైన మనిషి, నెలాఖరుకు గనివాళ్లిచ్చిన ఇల్లు ఖాళీ చెయ్యాలి. భార్య అప్పలకొండమ్మ అప్పుడే చింతపండు జాడీకి గుడ్డ కట్టేసి, విశాఖలో ఆడపడుచు పంచన ఎలా బతకాలా అని దిగులు పెట్టుకుంది.

ఇంటర్వ్యూ బోర్డులో మహామహా నిపుణులు కూర్చున్నారు. ఛైర్మన్ రామనర్సయ్యగారు పాతికేళ్లు చేపల శాఖలో ఈదినవారు. పక్కాయన మంత్రిగారి దండలు మోసి మోసి భుజబలం మీద పట్టు సాధించారు.

"అనుభవం?"

"ముప్పయ్యేళ్లు బావూ. పొద్దున్నే ఈత, ఆనక పరుగు. బాదంపప్పు, కైమా, ఉడికిన గుడ్డు. సాయంత్రం వేణ్నీళ్ల కాపడం. పందెం ముందు ఆడగాలి సోకనీను."

"బరిలోంచి ఎవరైనా పారిపోయారా?"

"పారిపోయినోడు మర్నాడు కనిపించడు బావూ."

బోర్డువారు ఆ క్రమశిక్షణకు ముగ్ధులైపోయారు. ఆ అథ్లెట్లు ఎవరని ఒక్కరూ అడగలేదు. అడిగితే కోడిపుంజులని చెప్పేవాడే. గవర్రాజుకు అబద్ధమాడే అలవాటు లేదు.

శిక్షణ మొదలైంది. ఛైర్మన్‌గారే టీమ్ కెప్టెన్. ఆఫీసర్లు సిమెంటు తొట్లో ఈదారు. గవర్రాజు వాళ్ల తొడలు నొక్కి చూసి, ముఖాన నోటితో నీళ్లు చిమ్మాడు. అది విదేశీ పద్ధతని రామనర్సయ్యగారు పేపరువాళ్లకు చెప్పారు. రాత్రిళ్లు గంపల కింద పెట్టడం ఒక్కటే కుదరలేదు, సైజులు దొరక్క.

పూజ రోజు మంత్రిగారు రూలేమిటని మైకులో అడిగారు. గవర్రాజు నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"సంత బరిలో రూలే బావూ. ఓడినోడు గెలిచినోడి సొంతం."

"మంజూర్!" అన్నారు మంత్రిగారు.

విజిల్ మోగింది. లోడింగు మేస్త్రీ సుక్రాం "హైసా" అన్నాడు. ఆఫీసర్లందరూ వచ్చి అతని కాళ్ల దగ్గర పడ్డారు. తాడు మాత్రం వదల్లేదు, శిక్షణ అంత గట్టిది.

క్వార్టరు పోయిందనుకున్నాడు గవర్రాజు. సుక్రాం తన గెలుపుసొత్తు చుట్టూ ఒకసారి తిరిగాడు. రామనర్సయ్యగారి పొట్టను వేలితో పొడిచి చూశాడు.

"ఓడిన పుంజైతే కూరకైన పనికొస్తది సాబ్. వీళ్లను తీస్కపోయి నేనేం జేస్కోవాలె? మీరే ఉంచుకోండ్రి."

మంత్రిగారు చటుక్కున మైకు అందుకున్నారు. "చూశారా! ఓడిపోయి కూడా బరిలోంచి ప్రాణాలతో తిరిగొచ్చిన మొదటి టీమ్ మాది! గవర్రాజుగారికి క్వార్టరు శాశ్వతం!"

సాయంత్రం అప్పలకొండమ్మ జాడీ గుడ్డ విప్పుతుంటే గుమ్మంలో మంత్రిగారి కారు ఆగింది. వెనక సీటులోంచి జాగ్రత్తగా ఒక గంప దిగింది. లోపల ఎర్రటి డేగ పుంజు.

"ఆదివారం బచేలీ సంతలో కోడిపందెం. వీడు ఓడితే నా పరువు పోతుందయ్యా. అందుకే కదా నిన్ను ఇక్కడ ఉంచింది," అన్నారు మంత్రిగారు. "బాదంపప్పు ఉందా?"

"ఎక్కడిది బావూ? మీ ఆపీసర్లు మొత్తం తినీసినారు," అంది అప్పలకొండమ్మ.

ఆ రోజంతటిలో మంత్రిగారు నిజంగా బాధపడింది అప్పుడే.