సారు ఒప్పుకోని తోక

కోరుట్ల ఫార్మసీ కాలేజీలో చదివే సౌమ్య ఆ రోజుకు వేసుకున్న పథకం చిన్నదే. పొద్దున్నే గ్రాఫు మీద ప్రేమ్‌సాగర్ సారు సంతకం, మధ్యాహ్నం జగిత్యాలలో బైండింగు, సాయంత్రంలోపు థీసిస్ ఇచ్చేయడం. అదే ఆఖరి రోజు. తప్పితే ఆర్నెల్లు పోయినట్టే.

సారు గ్రాఫు చూసి మూతి ముడిచాడు. మందును కొలిచే యంత్రం గీసిన శిఖరం ఎడమవైపు నిటారుగా ఎక్కి, కుడివైపు కాస్త ఈడ్చుకుంటూ దిగింది.

"దీనికి తోకున్నది."

"తోక కొలత రెండు దాకా ఉంటె ఒప్పుకుంటరు సార్. మనది ఒకటిన్నరే."

"ఒప్పుకునేటోళ్లు ఒప్పుకుంటరు. నా సంతకం తోకల మీద పడదు!"

సౌమ్యకు ఒళ్లు మండింది. లోకమంతా ఒప్పుకున్న తోక ఈయనకేం అడ్డొచ్చిందట?

సారు బీరువాలోంచి కొత్త కాలమ్ తీశాడు. మందును విడదీసే ఆ ఉక్కు గొట్టాన్ని ఆయన ఇంతవరకు ఎవరినీ వాడనివ్వలేదు. ప్రతి దసరాకూ మూత తీసి పూజ మాత్రం చేశాడు. దాన్ని స్వయంగా తగిలించాడు. అతుకు దగ్గర కారుతుంటే సౌమ్య వేళ్లతో బిగించింది.

ఈసారి తోక పోయింది. పక్కనే ఇంకో శిఖరం లేచింది, మందులో ఇంకేదో కలిసినట్టు.

"సీసాలు కడిగినవా, లేదా?"

"కడిగిన సార్!"

మళ్లీ కడిగింది. మళ్లీ లేచింది. సారు అటెండరు సామేలు మీద పడ్డాడు. "నేను దాన్ని ముట్టనే ముట్టలే" అని సామేలు కస్సుమన్నాడు. ఇక మిగిలింది పరీక్షకు గోళీలు పంపిన కంపెనీ. సారు ఫోను అందుకుని, "మీ గోళీలల్ల కల్తీ ఉన్నది!" అని అరిచాడు. ఇప్పుడే బయల్దేరుతున్నామన్నారు వాళ్లు. ఆ కేకలకు ప్రిన్సిపాల్ మొగిలయ్య తాళం పట్టుకుని వచ్చాడు.

"కల్తీ సంగతి తేలేదాక ల్యాబు బంద్. ఎవ్వరి థీసిస్ కదలదు."

సౌమ్యకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. నుదుటి చెమట తుడుచుకుంది. మొగిలయ్య ఆమె మొహం వంక చూశాడు.

"కొండగట్టు పోయచ్చినవా బిడ్డా? నొసట పసుపున్నది."

"నేను చర్చికి పోయేదాన్ని సార్!" అంటూ ఆమె వేళ్లు చూసుకుంది. పచ్చగా ఉన్నాయి. అందరూ కొత్త గొట్టం వైపు చూశారు. ఇన్ని దసరాల పసుపూ దాని మూతిలోనే పేరుకుని ఉంది.

"ఏంది, పూజ జేసుడు గూడ తప్పేనా?" అన్నాడు సారు మండిపడుతూ.

సారే హడావుడిగా పాత కాలమ్‌ను మళ్లీ బిగించాడు. శిఖరం ఒక్కటే వచ్చింది. తోక మాత్రం ఒకటీ ముప్పావు. ఇంతలో కంపెనీ నుంచి ఫోను మోగింది. సారు దాని నోరు నొక్కి జేబులో వేసుకుని, మొగిలయ్య వినేలా, "రెండు దాకా ఒప్పుకుంటరమ్మా, గింతదానికి గంత భయపడితె ఎట్ల?" అంటూ సంతకం గీకాడు.

సౌమ్య పళ్లు నూరుకుంటూ జగిత్యాల బస్సుకు పరుగెత్తింది. పొద్దుటి తోక కంటే ఇది పొడుగే. కాకపోతే, సారు చేతుల మీదుగా పెరిగింది.