వీలునామా రాయకండి, పుణ్యముంటుంది!

వీలునామా రాసేవాడు కుటుంబ ద్రోహి! ఈ మాట ఏ కోర్టులోనైనా చెబుతాను.

కాదంటారా? అయితే ముక్తేశ్వరం రండి. త్రిమూర్తులుగారు పోయి ఏడాదైంది. ఎవరేం అడిగినా కాదనలేని మనిషి. "ఇంటి వెనక కొబ్బరితోట నాదే కదా నాన్నా?" అని పెద్దకొడుకు గణపతి అడిగితే "ఆయ్" అన్నారు. చిన్నవాడు నాగబాబు అడిగినా "ఆయ్" అన్నారు. కూతురు అనురాధ ఫోన్లో అడిగితే రెండుసార్లు అన్నారు. కాగితం మీద మాత్రం ఏమీ పెట్టలేదు. భార్య వీరలక్ష్మిగారు ఓసారి కదిపితే, "నన్ను అప్పుడే పంపించేద్దామనా?" అని అలిగి అన్నం మానేశారు.

ఎంత ముందుచూపు! ఇప్పుడా తోటలో కొబ్బరి దింపు అంటే జాతరే. తండ్రి జ్వరంతో పడుకుంటే రాని ముగ్గురూ, దింపేవాడి కంటే ముందే వచ్చేస్తున్నారు! మొన్న వీరలక్ష్మిగారు పచ్చడికని ఒక కాయ తీయబోతే ముగ్గురూ ఒకేసారి దగ్గారు. తను నీళ్లు పోసి పెంచిన చెట్టు కిందే ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ పూట చారుతో సరిపెట్టారు.

ఊరికెంత ఉపాధి! అమలాపురంలో లాయర్లు, జిరాక్సు షాపులు, ఆటోలు అన్నీ కళకళ. ఆయన ఖాతాలో డబ్బివ్వాలంటే బ్యాంకువారు కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ తెమ్మన్నారు. కోర్టువారు పేపర్లో ప్రకటన వేయించమన్నారు. బతికుండగా త్రిమూర్తులుగారి పేరు ఏ పేపర్లోనైనా పడిందా?

చివరికి ముగ్గురూ తల్లిని వెంటబెట్టుకుని ఒక పెద్ద లాయరుగారి దగ్గరికి వెళ్లి, ఇల్లు, తోట, పొలాలు అన్నీ కలిపి మూడు వాటాలు వెయ్యమన్నారు.

"మూడేంటండీ? ఆయన స్వార్జితం, వీలునామా లేదు. నాలుగు వాటాలండి. అమ్మగారికీ మీతో సమానంగా ఒకటి" అన్నారాయన.

"అమ్మక్కూడా వాటా ఏంటండీ?"

ముగ్గురిదీ ఒకటే గొంతు! ఏడాదిగా దేనికీ కలవనివాళ్లు ఆ మాట దగ్గర కలిశారు. ఇంత ఐకమత్యం ఏ వీలునామా తేగలదు చెప్పండి?

వీరలక్ష్మిగారు ముగ్గురి మొహాలూ తీరిగ్గా చూశారు.

"ఆ ఇల్లూ దాని వెనక తోటా నా వాటాలోకొచ్చేలా చూడండి బాబూ. నా తర్వాత ఎవరికో అదీ ఇప్పుడే వీలునామా రాసేద్దాం. పేరు దగ్గర కాస్త ఖాళీ ఉంచండి. వీళ్ల వరస చూసి చెప్తానండి."

చూశారా! వీలునామా అన్నారో లేదో, కుటుంబంలో మళ్లీ గొడవ! మెట్లు దిగుతుంటే అమ్మ సంచి నేను మోస్తానంటే నేను మోస్తానని ముగ్గురూ లాక్కున్నారు.