తొమ్మిది ఆదివారాల అడాప్టరు వ్రతం

మనిషికి రెండు చేతులు, రెండు చెవులు, ఒక నోరు ఇచ్చిన దేవుడు అడాప్టరు ఇవ్వడం మరిచిపోయాడు. మరిచిపోవడమే మంచిదయింది! ఇచ్చి ఉంటే మనకు వెతుక్కోవడానికి ఏం మిగిలేది?

అడాప్టరు కొన్నవాళ్ళను చూసి జాలిపడండి. కొన్నాక ఇక వాడటమే కదా! ఇంకా ఎంచుకుంటున్నవాళ్ళను చూసి అసూయపడండి. నా మాట మీద నమ్మకం లేకపోతే ఫిన్లాండు పడమటి తీరంలో మా రాహె ఊరికి వచ్చి ఉర్హోను చూడండి.

ఉర్హోకు డెబ్బై ఆరేళ్ళు. ముప్ఫై ఏళ్ళు సరుకు ఓడల మీద రేడియో ఆఫీసరుగా చేశాడు. ఓడ పంపే ప్రతి కబురూ ఆయన కుడిచేతి మీదుగానే పోవాలి. మోర్స్ కీ అనే చిన్న ఇత్తడి మీటను నొక్కుతూ వదులుతూ, పొట్టి మోత ఒక చుక్కగా, పొడుగు మోత ఒక గీతగా, చుక్కలూ గీతలూ కలిపి అక్షరాలు పంపడం ఆ విద్య. ఉద్యోగం అయిపోయినా విద్య అయిపోలేదు. మేడ మీది గదిలో సొంత రేడియో పెట్టుకుని, ప్రతి ఆదివారం పొద్దున పది గంటలకు నార్వే ఉత్తర తీరంలోని తోర్లీఫ్‌తో మాట్లాడేవాడు. తోర్లీఫ్ కూడా పాత ఓడల రేడియో మనిషే. నలభై ఒక్కేళ్ళుగా ఇదే వరస. పెళ్ళిళ్ళు, జ్వరాలు, మంచు తుఫానులు ఏవీ ఆ పది గంటలను ఆపలేకపోయాయి.

ఈ వసంతంలో ఉర్హో కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది.

ఒక చుక్క కొట్టబోతే రెండు పడుతున్నాయి. గీత మధ్యలో విరుగుతోంది. కాఫీ కప్పు సాసరు మీద టకటకలాడుతుంటే భార్య హిల్కా కనిపెట్టింది. ఇంకెవరికీ తెలియదు. తెలియనివ్వకూడదని ఉర్హో పట్టుదల. తోర్లీఫ్‌కు అసలే తెలియకూడదు. "ఈ సముద్రం మీద నీ అంత శుభ్రమైన చెయ్యి ఇంకోటి లేదురా" అని ఒకప్పుడు అన్నది ఆ తోర్లీఫే మరి!

మీరూ నేనూ అయితే ఏం చేస్తాం? నిజం చెప్పేసి ఊరుకుంటాం. అదీ మన వెనకబాటుతనం! ఉర్హో ఆధునికుడు. ఎడమచేతి వేలితో టైపు చేస్తే కంప్యూటరే చుక్కలూ గీతలూ కొట్టిపెడుతుంది. దానికి వణుకు రాదు, వయసు రాదు. కావలసిందల్లా కంప్యూటరుకూ రేడియోకూ మధ్య తగిలించడానికి ఒక చిన్న అడాప్టరు.

"ఒక చిన్న అడాప్టరు." ఈ మూడు మాటల వెనక ఎంత లోకం ఉందో ఆ రోజు ఉర్హోకు తెలియదు పాపం.

ముందుగా విజ్ఞానం పెరిగింది. పాత కంప్యూటరు వీపున తొమ్మిది సూదుల సాకెట్టు ఒకటి ఉండేదట. రెండు తీగలు కలిపితే పని అయిపోయేదట. అలా అయిపోతే మనిషి ఎదిగేదెలా? అందుకే దాన్ని తీసేశారు. ఇప్పుడు యూఎస్బీ. యూఎస్బీని పాత సాకెట్టుగా మార్చేవి, పాత సాకెట్టు అవసరమే లేదనేవి, పెట్టెలో సొంత బుర్ర ఉన్నవి, బుర్ర లేనివి, అన్నీ కలిపి నలభై మూడు రకాలు లెక్క తేలాయి. ఉర్హో పట్టిక గీశాడు. పట్టికకు రంగులు వేశాడు. ఓడ ఇంజనులో ఎన్ని గొట్టాలున్నాయో ముప్ఫై ఏళ్ళలో అడిగి ఎరగని మనిషి, ఒక తీగ చివర ఉన్న గింజంత చిప్పు ఏ ఫ్యాక్టరీలో పుట్టిందో చెప్పే స్థాయికి వచ్చాడు. ఏ విశ్వవిద్యాలయం ఇస్తుందండీ ఈ చదువు?

తరవాత సత్సంగం. ఇంటర్నెట్టులో దీని మీద రెండు వందల పన్నెండు పేజీల చర్చ ఉంది. మూడో పేజీలోనే తిట్టుకోవడం మొదలైంది. అచ్చం ఉర్హోకున్న ఇబ్బందే ఉన్న పెద్దమనిషి నూట తొంభయ్యో పేజీలో కనిపించాడు. ఉర్హోకు కళ్ళు చెమర్చాయి. ఆ పెద్దమనిషి చివరి మాట: "సరిపోయింది, అందరికీ థాంక్స్." ఏం చేస్తే సరిపోయిందో రాయలేదు. తొమ్మిదేళ్ళయింది. సహనం నేర్పడానికి ఇంతకు మించిన గురువు ఉంటాడా!

మరి క్లబ్బు? రాహె రేడియో క్లబ్బు గుడిసెలో బుధవారం బుధవారం కాఫీ, యాలకుల బన్నులతో సమావేశం. అదివరకు వాతావరణం గురించి రెండు ముక్కలు మాట్లాడుకుని మౌనంగా కాఫీ తాగి లేచిపోయేవాళ్ళు. ఉర్హో అడాప్టరు మాట ఎత్తాక గుడిసెకు ప్రాణం వచ్చింది. లోపల చిన్న దీపం వెలిగి ఆరి రేడియోను నొక్కే రకమే అడాప్టరు అని ఒక వర్గం. ట్రాన్సిస్టరు అనే చిన్న ముక్క చాలదా అని ఇంకో వర్గం. మూడో బుధవారానికి ఆ రెండు వర్గాలూ వేరువేరు కాఫీ కూజాలు పెట్టుకున్నాయి.

క్లబ్బు కార్యదర్శి ఎన్సియో దీపం వర్గానికి పెద్ద దిక్కు.

"ఏవోయ్ ఉర్హో, నన్నడక్కుండా ఎలా కొన్నావు?" అన్నాడు, మొదటి అడాప్టరు కథ విని.

"నిన్నడిగితే ఎనిమిది రకాలు చెప్పావు కదా."

"ఎనిమిది చెప్పానా? అందులో అయిదు దండగని కూడా చెప్పాను!"

"ఏ అయిదో చెప్పలేదు."

"అన్నీ నేనే చెబితే నీకు అనుభవం ఎలా వస్తుందయ్యా? అయినా ఇంత మంచి చెయ్యి పెట్టుకుని నీకీ కంప్యూటరు పిచ్చేమిటి?"

ఉర్హో కుడిచెయ్యి కోటు జేబులోకి పోయింది. "కాలం మారింది. మనమూ మారాలి," అన్నాడు. ఎంత గొప్ప మాట! గుడిసె అంతా తలలూపింది.

మొదటి అడాప్టరు కథ ఏమిటంటే, దాన్ని తగిలించగానే ఎవరూ ఏమీ టైపు చేయకుండానే రేడియో ఒక గీత కొట్టడం మొదలుపెట్టి, తీగ పీకేదాకా ఆపలేదు. అడగకుండానే పనిచేసే యంత్రం! రెండోదాన్ని చూసి కంప్యూటరు "ఇది నకిలీ" అని ముఖం తిప్పేసుకుంది. నిజాయితీ గల యంత్రం! మూడోది పనిచేసింది. కాకపోతే రేడియో మోగినప్పుడల్లా కంప్యూటరు తెర మీద బాణం ఈగలా ఎగిరేది, కింద వంటింట్లో హిల్కా కరెంటు పొయ్యి కుయ్యిమని ఆరిపోయేది.

"ఏమయ్యా! బంగాళాదుంపలు ఉడకనిస్తావా, లేదా?"

"ఇంకొక్క అక్షరం, హిల్కా!"

"నీ ఒక్కో అక్షరానికీ నా పొయ్యి ఆరుతోంది. ఇంటికి అన్నం కావాలా, అక్షరం కావాలా?"

దానికీ విరుగుడుంది. రేడియో అలలు తీగల్లోకి దూరకుండా తొడిగే ఇనప రజను ఉంగరాలు ఉంటాయి. ఉర్హో తెప్పించి కంప్యూటరు తీగకు తొడిగాడు, పొయ్యి తీగకు తొడిగాడు, ఊపు మీద కాఫీ మెషీనుకూ ఇస్త్రీపెట్టెకూ కూడా తొడిగాడు. ఇల్లంతా నిశ్చితార్థం జరిగినట్టు కళకళలాడింది. పొయ్యి మాత్రం ఆరుతూనే ఉంది.

ఇంతటి వైభోగం నడుస్తుంటే, ఆదివారం పది గంటలకు ఏం జరుగుతోందని మీరు అడగొచ్చు. అడక్కుండా ఉంటే బాగుండేది.

పది గంటలకు ఉర్హో మేడ మీదికి వెళ్ళి రేడియో పెట్టి వినేవాడు. వినడానికి అడాప్టరు అక్కరలేదు కదా. సరిగ్గా పదికి తోర్లీఫ్ పిలిచేవాడు. రేడియోలో ఒక్కొక్కరికీ ఒక పిలుపు గుర్తు ఉంటుంది; ఉర్హో గుర్తు మూడుసార్లు, తన గుర్తు ఒకసారి. ఆగేవాడు. మళ్ళీ పిలిచేవాడు. మొదటి ఆదివారం అయిదు నిమిషాలు పిలిచి, వచ్చే వారం చూద్దాం అని వెళ్ళిపోయాడు. నాలుగో ఆదివారం పావుగంట పిలిచాడు. ఎనిమిదో ఆదివారం నలభై నిమిషాలు. అంతసేపూ ఉర్హో జవాబు కొట్టకుండా వణికే చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఫోన్ చెయ్యొచ్చుగా," అంది హిల్కా, మెట్ల మీద నుంచి.

"ఫోన్ చేసి ఏం చెప్పను?"

"చెయ్యి వణుకుతోందని చెప్పు."

"నాలుగో అడాప్టరు మంగళవారం వస్తోంది," అన్నాడు ఉర్హో.

చూశారా? ఏ ప్రశ్న వేసినా జవాబు సిద్ధంగా ఉంచేది అడాప్టరు ఒక్కటే!

నాలుగోది వచ్చింది. సొంత బుర్ర ఉన్న పెట్టె. బాణం ఎగరలేదు, పొయ్యి ఆరలేదు, గీత దానంతటది మొదలవలేదు. వ్రతం ఫలించిందన్నమాట. తొమ్మిదో ఆదివారం పది గంటలకు తోర్లీఫ్ పిలిచి ఆగగానే, ఉర్హో ఎడమచేతి వేలితో టైపు చేశాడు. "శుభోదయం తోర్లీఫ్. నేను ఉర్హోను. ఆలస్యానికి క్షమించు. అంతా కులాసా."

అచ్చు వేసినట్టు పోయాయి అక్షరాలు. చుక్క ఎక్కువ లేదు, గీత తక్కువ లేదు. జీవితంలో అంత శుభ్రంగా ఉర్హో ఎప్పుడూ కొట్టలేదు.

అటునుంచి జవాబు వచ్చింది. "ఎవరు మీరు?"

"నేనే. ఉర్హోను."

"ఉర్హో కొట్టుడు నాకు తెలుసు. ఇది కాదు. హిల్కా, నువ్వా అమ్మా? కంప్యూటరు పెట్టి కొడుతున్నావా? వాడు పోయాడా?"

ఉర్హో గబగబా టైపు చేశాడు. లేదనీ, బతికే ఉన్నాననీ, ఇదంతా అడాప్టరు వల్లననీ. ఎంత ఎక్కువ టైపు చేస్తే అంత నున్నగా పోయింది. ఎంత నున్నగా పోతే, ఉర్హో పోయాడన్న సంగతిలో అంత అనుమానం తీరిపోయింది తోర్లీఫ్‌కు.

"తొమ్మిది వారాలు పిలిచానమ్మా. అప్పుడే అనుకున్నాను. మంచివాడు. ఓడ మీద ఇద్దరి పని ఒక్కడు చేసేవాడు. ఇప్పుడు అనుకోకూడదు కానీ, క్యూ అక్షరంలో చివరి గీతను మాత్రం ఆవు తోకలా సాగదీసేవాడు. నలభై ఒక్కేళ్ళూ ఓర్చుకున్నాను. ఎంత పొగిడినా బాగుపడలేదు."

ఉర్హో కుర్చీలోంచి లేచాడు. పెట్టెను పక్కకు నెట్టి, మూలనున్న ఇత్తడి కీ లాక్కుని రేడియోకు తగిలించాడు. వణికే చెయ్యి వణికినట్టే దాని మీద వేశాడు. రెట్టింపు చుక్కలు, విరిగిన గీతలు, దారి పొడుగునా రాళ్ళు దొర్లినట్టు పోయింది ఆ కబురు: "బతికే ఉన్నానురా దొంగవెధవా! నాది ఆవు తోకా?"

"ఉర్హో!" అన్నాడు తోర్లీఫ్. "ఏమిట్రా ఆ కొట్టుడు? పొద్దున్నే తాగావా?"

ఉర్హో మెల్లగా కొట్టాడు, ఒక్కో అక్షరమే. "చెయ్యి. వణుకుతోంది. వసంతం నుంచి."

తోర్లీఫ్ కూడా మెల్లగానే కొట్టాడు.

"నాకు చెవులు పోయాయిరా. రెండేళ్ళయింది. నువ్వు కొట్టేదాంట్లో సగం అందదు. అక్షరాలు పోయినా నీ నడక తెలుస్తుంది కదా అని ఊఁ కొడుతూ నెట్టుకొస్తున్నాను. ఈ తొమ్మిది వారాలూ నువ్వు పలుకుతూనే ఉన్నావేమో, నా చెవికే అందడం లేదేమో అని కూడా భయపడ్డాను. అందుకే ఫోన్ చెయ్యలేదు. ఇప్పుడు కొట్టావే, నిదానంగా, కుంటి గుర్రంలా, ఇది మాత్రం ప్రతి అక్షరం అందింది. ఇలాగే కొట్టు."

"ముందే చెప్పొచ్చుగా!"

"చెబుదామనే. ఆలోగా మోర్స్ విని తెర మీద అక్షరాలుగా చూపించే పెట్టె ఒకటి కొనుక్కుందామనుకున్నా. ఇరవై ఆరు రకాలున్నాయిరా. పట్టిక గీశాను."

పాఠకులారా, నా వాదన నేను వెనక్కి తీసుకోను. కాస్త ఊహించండి. తోర్లీఫ్‌కూ తన పెట్టె దొరికి ఉంటే ఎంత హాయిగా ఉండేది! ఇక్కడి కంప్యూటరు కొట్టేది, అక్కడి కంప్యూటరు చదివేది. చుక్క పొల్లుపోకుండా యంత్రాలు రెండూ మాట్లాడుకునేవి. "అంతా కులాసా", "ఇక్కడా కులాసా". ముసలివాళ్ళిద్దరూ అటొకరు ఇటొకరు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఈయనకు చెయ్యి లేదని ఆయనకూ, ఆయనకు చెవి లేదని ఈయనకూ తెలియకుండా నిశ్చింతగా వెళ్ళిపోయేవారు. ఇంత చక్కని ఏర్పాటును చెడగొట్టింది ఒక్క ఆవు తోక!

మొన్న ఆదివారం పదకొండు గంటలకు హిల్కా కాఫీ పట్టుకుని మేడ ఎక్కింది. కిందనున్న పొయ్యి మీద బంగాళాదుంపలు మెత్తగా ఉడికాయి. ఉర్హో ఇంకా కీ ముందు కూర్చుని ఒక్కో అక్షరం కొడుతున్నాడు.

"గంటయింది. ఏమంటున్నాడు మీ తోర్లీఫ్?"

"ఉండవే," అన్నాడు ఉర్హో. "ఇప్పుడే శుభోదయం అయింది."