తంత్రీ తపస్వి

మదనపల్లె–పుంగనూరు–కుప్పం ఎలక్ట్రిక్ గిటారు కళాకారుల సంక్షేమ సంఘం ఆదివారం ఉదయం అత్యవసరంగా సమావేశమై, గిటార్లలోకి చొరబడిన కొత్త టెక్నాలజీని తీవ్రంగా ఖండించింది. తీర్మానం ఏకగ్రీవం. సంఘంలో ఉన్న సభ్యులు ముగ్గురే కాబట్టి ఏకగ్రీవం సులువేనని కొందరు అనుకోవచ్చు. ముగ్గురు గిటారిస్టులు ఒక గదిలో కూర్చుని ఒక మాట మీద నిలబడడం ఎంత కష్టమో వాళ్లకు తెలియదు.

సమావేశం మదనపల్లె టమాటా మార్కెట్ ఎదురుగా ఉన్న లాడ్జి మేడ మీద జరిగింది. అధ్యక్షుడు పురుషోత్తం. మదనపల్లెలో పెళ్లి రిసెప్షన్ అంటే ఆయన గిటారు, జాతరంటే ఆయన గిటారు, చివరికి బట్టల షాపు ప్రారంభోత్సవానికీ ఆయన గిటారే. కార్యదర్శి రామప్పది పుంగనూరు. కోశాధికారి యువరాజ్‌ది కుప్పం; అతను వయసులో చిన్నవాడు, వారం వారం బెంగళూరు వెళ్లొస్తుంటాడు కాబట్టి లోకం తెలిసినవాడని పేరు.

“సోదరులారా!” అన్నారు అధ్యక్షులవారు, ఇద్దరు సోదరులనూ ఉద్దేశించి. “ఇప్పుడొక గిటారు వచ్చింది. తనంతట తానే శ్రుతి చేసుకుంటుందట. మనం తప్పు వాయిస్తే అది ఒప్పు వాయిస్తుందట. ఫోనులో ఒక బొమ్మ నొక్కితే వీణ అవుతుందట, ఇంకొకటి నొక్కితే ఉరుమవుతుందట. దానికి వైరు కూడా అక్కర్లేదట. ఇక మన విలువెంత సోదరులారా?”

కింద మార్కెట్లో వేలం పాడేవాడు గొంతెత్తి ఒక ధర చెప్పాడు.

రామప్ప లేచి, వైరు లేని గిటారు చూస్తే తనకు మెడలో తాళి లేని పెళ్లికూతురిని చూసినట్టుంటుందని కన్నీళ్లు పెట్టుకున్నాడు. యువరాజ్ తీర్మానాన్ని బలపరిచాడు. బలపరుస్తున్నంతసేపూ అతను తన గిటారు సంచీని కాళ్లతో కుర్చీ కిందికి నెడుతూనే ఉన్నాడు. ఆ సంచీలో ఉన్నది ఖండనకు గురైన గిటారే. పెద్దలిద్దరికీ చూపించి అభిప్రాయం అడుగుదామని తెచ్చాడు గాని, అభిప్రాయం ముందే వచ్చేసింది.

తీర్మానం పత్రికలో వచ్చింది. ఫోటోలో పురుషోత్తం కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది. ఎడమచెయ్యి జేబులో ఉంది. పాఠకులు దాన్ని ఠీవి అనుకున్నారు.

అది ఠీవి కాదు. ఆయన ఎడమచేతి ఉంగరపు వేలు కొంతకాలంగా మాట వినడం మానేసింది. పొద్దున లేస్తే సగానికి వంగి అక్కడే బిగుసుకుంటుంది, వేడినీళ్లలో ముంచితే కాస్త దయ చూపిస్తుంది. గిటారు వాయించేవాడికి ఆ వేలు ఎంత ముఖ్యమో అడగకండి. పోయేదాకా పురుషోత్తం కూడా ఎప్పుడూ ఆలోచించలేదు. ఆర్కెస్ట్రాలో తెలిస్తే వచ్చే సీజనుకి ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. అందుకని కష్టమైన చోట కీబోర్డు వాడి వైపు తిరిగి చిరునవ్వుతో తల ఊపేవాడు. కీబోర్డు వాడు అది తనకిచ్చిన అవకాశమనుకుని రెచ్చిపోయి వాయించేవాడు. అలా ఒక లోపం ఊరంతా ఔదార్యంగా చెలామణి అయింది.

ఇంట్లో మాత్రం చెలామణి కాలేదు. భార్య మాలతి బజారువీధిలో జాకెట్లు కుట్టే అంగడి నడుపుతుంది. భర్త చొక్కా గుండీలు పెట్టుకోలేక అవస్థ పడుతుంటే చూసింది.

“యాల దాస్తాండావు? వేలు వంగల్యా కదా?”

“చలికి,” అన్నాడు పురుషోత్తం. అది ఎండాకాలం.

“సూడు, నాకు కళ్లు మసకైనప్పుడు నేనేమి జేసినాను? కంప్యూటర్ మిషను తెచ్చుకోల్యా? బొమ్మ ఎక్కిస్తే అదే కుట్టుకుంటాండాది. వచ్చినోళ్లంతా ‘చేతి పనితనం అంటే నీదేనమ్మా’ అంటాండారు. నేను ఔననీ అన్ను, కాదనీ అన్ను. నువ్వూ ఆ గిటారు తెచ్చుకోరాదా?”

“నేను సంఘానికి అధ్యక్షుణ్ణి!”

“అయితే చీకట్లో తెచ్చుకో.”

పురుషోత్తం పట్టపగలే తెచ్చుకున్నాడు, కాకపోతే బెంగళూరులో తెలిసినవాళ్లు లేని వీధిలో. అంగట్లో కుర్రవాడు చూపించిన గిటారు తళతళ మెరిసిపోతోంది. ఇంటికి తెచ్చాక ఆ మెరుపే ఆయన్ని భయపెట్టింది. లారీలకు రంగులేసే మనిషిని పిలిపించి, కొత్త గిటారును తన పాత గిటారులా మార్చమన్నాడు. ఆ మనిషి పాతవి కొత్తవి చేసినవాడే గాని కొత్తది పాతది చెయ్యడం ఎరగడు. అయినా శ్రద్ధగా ఉప్పుకాగితంతో గీకి, అంచుల్లో పెచ్చులు లేపి, చెయ్యి ఆనేచోట ముప్పై ఏళ్ల చెమట మరకను ఒక్క పూటలో దించాడు. ఆ మరక చూసి పురుషోత్తానికి తన మీద తనకే గౌరవం కలిగింది.

ఇక వైరు సమస్య. వైరు లేకుండా వేదిక ఎక్కితే తీర్మానం ఏమవుతుంది? అందుకని గిటారుకొక పొడుగాటి నల్లవైరు తగిలించి, రెండో కొసను సౌండ్ బాక్సు వెనక్కి తీసుకెళ్లి, దేనికీ తగిలించకుండా వదిలేశాడు. సంఘ గౌరవం ఆ వైరు మీదుగా నిరాటంకంగా ప్రవహించింది.

కొత్త గిటారుతో మొదటి కచేరీ కుప్పంలో. జేబులో ఫోను, చేతిలో గిటారు. వేలు తప్పు తీగ మీద పడినా స్వరం ఒప్పు తీగ మీదినుంచే పలికింది. పురుషోత్తం భయంభయంగా ఒక సంగతి వేస్తే గిటారు ధైర్యంగా వేసింది. జనం ఈలలు వేశారు. ఒక రిటైర్డు హెడ్మాస్టరు వేదిక దగ్గరికొచ్చి, ఆయన ఎడమచెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. “ఈ వయసులో ఈ వేలిలో ఈ సత్తువ! సాధనప్పా, సాధన!” అన్నాడు. పట్టుకున్నది సరిగ్గా ఆ వేలినే. పురుషోత్తం నొప్పికి అరవబోయి, వినయంగా నవ్వాడు.

కీర్తి అక్కడినుంచి శాంతిపురం చేరింది. అక్కడ గ్రానైటు వ్యాపారం చేసే చెంగయ్యకు కళలంటే ప్రాణం. కూతురు సుప్రియ పెళ్లి రిసెప్షన్ పుంగనూరులో పెట్టుకుని, మూడు ఊళ్ల గిటారిస్టులనూ ఒకే వేదిక ఎక్కించాలనీ, యంత్రాలకు తల వంచని పురుషోత్తానికి ఆ వేదిక మీదే ‘తంత్రీ తపస్వి’ బిరుదు ఇవ్వాలనీ సంకల్పించాడు. శుభలేఖ మీద ‘కేవలం చేతులతో’ అని బంగారు అక్షరాల్లో అచ్చయింది.

రిసెప్షన్ రోజు మంటపం నిండిపోయింది. చెంగయ్య మైకు ముందుకొచ్చి ఫోను తీశాడు. ఈ ప్రసంగం రాయడానికి ఆయన ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు, ఫోనునే అడిగాడు.

“యంత్రయుగంలో మానవ స్పర్శకు ప్రతీకగా నిలిచిన మహనీయులు,” అని కంఠం ఎత్తి, “ఇక్కడ కళాకారుడి పేరు చేర్చండి గారికి, ఈ ప్రాంత ప్రజల తరఫున శిరసు వంచి నమస్కరిస్తున్నాను!” అన్నాడు.

చప్పట్లు మారుమోగాయి. పురుషోత్తానికి శాలువా కప్పారు. నల్లరాతి మీద బిరుదు చెక్కించిన జ్ఞాపిక ఇచ్చారు. దాన్ని మోయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. ముందు వరసలో కూర్చున్న మాలతి ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

తర్వాత ముగ్గురూ గిటార్లు తగిలించుకున్నారు. అప్పుడు పురుషోత్తం ఒక సంగతి గమనించాడు. రామప్ప గిటారు నుంచి కూడా నల్లవైరు సౌండ్ బాక్సు వెనక్కి వెళ్లింది. యువరాజ్‌దీ వెళ్లింది. అక్కడ నేల మీద మూడు వైర్ల కొసలు దేనికీ తగలకుండా పక్కపక్కనే పడి ఉన్నాయి.

ఆలోచించే లోపలే పాట మొదలైంది. మొదట అంతా బాగానే సాగింది. చరణంలో పురుషోత్తం జేబులో చెయ్యి పెట్టి, వీణ బొమ్మ నొక్కాడు. తన గిటారు వీణ కాలేదు. రామప్ప గిటారు అయింది. రామప్ప అదిరిపడి తన ఫోను నొక్కితే యువరాజ్ గిటారు ఉరిమింది. మూడూ ఒకే కంపెనీ గిటార్లు. ఒకే వేదిక మీద చేరేసరికి ఎవరి ఫోను ఎవరి గిటారును పట్టుకుందో వాటికే తెలియలేదు. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఖండన తీర్మానం మీద సంతకాలు చేసిన మూడు ముఖాలవి. జనం ఈ ఉరుమునూ వీణనూ జుగల్బందీ అనుకుని ఊగిపోతున్నారు.

యువరాజ్ కంగారుగా తన ఫోనులో కనిపించినదల్లా ఆపేశాడు. ఆ ఫోను పట్టుకుని ఉన్నది పురుషోత్తం గిటారును. అంతే, దిద్దేవాడు వెళ్లిపోయాడు. గిటారు ఉట్టి గిటారైంది, పలకడం మాత్రం మానలేదు. సరిగ్గా అప్పుడే మిగతా వాయిద్యాలన్నీ ఆగి, ఒక్క పురుషోత్తమే వాయించాల్సిన చోటు వచ్చింది.

మొదటి స్వరం తప్పింది. రెండోది గరగరలాడింది. ఉంగరపు వేలు సగానికి వంగి అక్కడే నిలబడిపోయింది. పురుషోత్తం ఆగిపోదామనుకున్నాడు. కానీ ముప్పై ఏళ్లుగా పాట మధ్యలో ఆగి ఎరగడు, ఎలా ఆగాలో తెలియలేదు. ఆ వేలిని వదిలేసి మిగిలిన మూడింటితో, నెమ్మదిగా, అందని స్వరాలను విడిచిపెట్టి అందినవాటిని పట్టుకుంటూ ముందుకు పోయాడు. విడిచిన చోట చిన్న ఖాళీ పడుతోంది. ఆ ఖాళీలో ఊపిరి తీసుకుని మళ్లీ అందుకుంటున్నాడు. కాసేపటికి ఆయనకు జనం కనిపించడం మానేశారు. కుప్పంలో ఈలలు పడ్డప్పుడు కలగని సంతోషం, ఎవరూ ఈల వెయ్యని ఈ నిమిషంలో కలిగింది. తన గిటారు గొంతు తనకు వినబడి చాలా రోజులైందని అప్పుడు తెలిసింది.

జనానికి మాత్రం వేరేది తెలిసింది.

“ఏందప్పా ఇది, కరెంటు తగ్గినట్టుండాది?” అన్నాడొకాయన.

“మందు తాగినట్టుండాడు,” అన్నాడు పక్కనున్న మర్యాదస్థుడు.

చెంగయ్య వేదిక ఎక్కి, చెవిలో మాట్లాడుతున్నాననుకుని మైకులో మాట్లాడాడు. “పురుషోత్తమన్నా, రికార్డు యాల పెట్టినావు? అదీ అరిగిపోయినట్టుండాది. పెండ్లికొడుకు తరపోళ్లు సూస్తాండారు. ఆ మిషను ఆపేసి నీ చేత్తో వాయించన్నా, ఇందాక వాయించినావు సూడు, అట్లా!”

పురుషోత్తం మైకు అందుకున్నాడు. ఏం పోతుందో ఆయనకు తెలుసు: బిరుదు, సంఘం, వచ్చే సీజను. అయినా అన్నాడు.

“అప్పా, ఇందాక వాయించింది మిషను. ఇప్పుడు వాయించింది నేను. నాకు వేలు పని చెయ్యల్యా. మిమ్మల్నందర్నీ మోసం చేసినాను.”

మంటపం పగలబడి నవ్వింది. కుప్పం నుంచి వచ్చిన హెడ్మాస్టరు లేచి, “విద్య ఉన్నచోట ఎంత వినయముంటుందో సూడండప్పా!” అన్నాడు. చెంగయ్య కళ్లు తుడుచుకుని రెండో శాలువా తెప్పించాడు. పెళ్లికొడుకు తరఫు పెద్దమనిషి ఒకాయన మాత్రం విషయం గ్రహించాడు. “మిషనుదే బాగుంటే మిషనే పెట్టమనండప్పా. ఆడ అన్నాలు సల్లారిపోతాండాయి,” అన్నాడు. అందరూ దాన్ని మరో హాస్యోక్తిగా స్వీకరించి భోజనాలకు కదిలారు.

వేదిక ఖాళీ అయ్యాక రామప్ప, యువరాజ్ పురుషోత్తం పక్కన వచ్చి కూర్చున్నారు. “అన్నా, నేను ఆ రోజే సంచీలో తెచ్చినాను, సూపించడానికి ధైర్యం సాలల్యా,” అన్నాడు యువరాజ్. “నాది అంతకు ముందే ఉండాది,” అన్నాడు రామప్ప. కన్నీళ్లు పెట్టుకున్న రోజుకు ముందే. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. సంఘం చరిత్రలో అది రెండో ఏకగ్రీవం.

మాలతి వచ్చి శాలువాలు మడత పెడుతూ అడిగింది. “ఆ చివర్న వాయించింది నువ్వే గదా?”

“నేనే. నీకెట్లా తెలిసింది?”

“తప్పులుండాయి. పెండ్లైన కొత్తల్లో ఇంట్లో కూర్చోని వాయించేవాడివి, అచ్చం అట్లనే ఉండాది,” అని ఆ వేలిని తన చేతిలోకి తీసుకుని నిమరసాగింది.

కథ ఇక్కడ ముగిసి ఉంటే ఆయనకు గౌరవంగా ఉండేది. కానీ సుప్రియ స్నేహితురాలు వసుధ ఆ చివరి భాగాన్ని ఫోనులో తీసింది. ఆమె ఫోను మంచి ఖరీదైనది. ఎవరూ అడగకుండానే గరగరలు తుడిచి, తప్పిన స్వరాలు సవరించి, ఖాళీలు పూడ్చింది. ‘మిషను ఎప్పటికీ చెయ్యలేనిది’ అని పేరు పెట్టి ఆమె దాన్ని లోకం మీదికి వదిలింది. తెల్లారేసరికి లక్షలమంది చూశారు. మనిషి చేతిలో ఉన్న మహత్తు గురించి పేరాలకు పేరాలు రాశారు. రెండు మాటలు కొట్టగానే మిగతా వాక్యం ఎవరి ఫోను వాళ్లకు పూర్తి చేసి పెట్టింది.

పురుషోత్తం అది విన్నాడు. రెండోసారి విన్నాడు. తర్వాత మూడు వేళ్లతో నిదానంగా టైపు చేసి కింద ఒక వ్యాఖ్య పెట్టాడు: ‘ఆ వాయించింది నేనే. నేను ఇంత బాగా వాయించలేదు. చాలా తప్పులు పోయాయి.’

ఇదెవరో పరాయివాడు రాశాడనుకుని జనం ఆయన్ని ఉతికి ఆరేశారు. పెద్దాయన కీర్తి చూసి ఓర్వలేని కుళ్లుబోతు అన్నారు. తప్పులు పట్టేముందు ఆయనలో పదోవంతు వాయించి చూపించమన్నారు. ఈ వ్యాఖ్య మనిషి రాసినట్టు లేదు, మిషను రాసినట్టుందని ఒకరు తేల్చారు. ఆ తేల్చిన మాటకు వేలమంది చప్పట్ల బొమ్మ పెట్టారు. ఇది చదువుతున్న మీరు పెట్టిందీ అందులో ఉంది. వీడియోలో పాట ఇంకా మొదలుకాకముందే పెట్టినట్టున్నారు.