సాక్సు పైకి లాగాలట

సోమవారం పొద్దున్న హరిబాబు అనుకున్నది చాలా చిన్న పని. ఇడ్లీ తిని, కూతురు సింధు డైరీలో సంతకం పెట్టి, చీపురుపల్లి స్టేషన్ రోడ్డులోని తన యూనిఫారాల షాపు తొమ్మిదికల్లా తెరవడం. సింధు చదివే ఇంగ్లీషు మీడియం బడికి చొక్కా నుంచి సాక్సు దాకా అమ్మేది ఆయనే. ప్రిన్సిపాలుతో సమానంగా మాట్లాడాలని మూడు నెలలుగా ఫోనులో ఇంగ్లీషు కూడా నేర్చుకుంటున్నాడు.

డైరీలో క్లాసు టీచరు అనూరాధ రాసిన వాక్యం ఒక్కటే ఉంది: "సింధు మస్ట్ పుల్ అప్ హర్ సాక్స్."

తెలియని మాట ఒక్కటున్నా ఎవరినైనా అడిగేవాడేమో. ఖర్మకొద్దీ అన్నీ తెలిసినవే. పుల్ అంటే లాగడం, అప్ అంటే పైకి, సాక్స్ అంటే తను అమ్మినవి.

"సూసినావా ధనలక్ష్మీ! మన సాక్సు జారిపోతన్నాయని సంతకం పెట్టి మరీ రాసీసినారు. వచ్చే ఏడు ఆర్డరు రాజాం షాపువోళ్ళకి ఇచ్చీడానికే ఈ ఎత్తు!"

"జారడమేటి? పిల్ల కాలికి పట్టీసి మచ్చలు పడతన్నాయి" అంది భార్య.

"నాన్నా, అది సాక్సు గురించి కాదు..." అని సింధు నోరు తెరిచింది.

"నువ్వూరుకో! నాకు ఇంగ్లీషు నేర్పుతావేటి?"

నేర్పనిస్తే బాగుండేది. ఎవరో వేలెత్తి చూపకముందే తనే ముందుకొచ్చి పరువు నిలుపుకోవాలని, హరిబాబు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో గొంతు సవరించుకుని వాయిస్ మెసేజ్ పెట్టాడు: "మా షాపు సాక్సు జారిపోతన్నాయని కంప్లైంటు వచ్చినాది. ఎవరివి జారినా తెచ్చీండి. కొత్తవి ఇచ్చీస్తాను."

అప్పటిదాకా ఊళ్లో ఎవరి సాక్సూ జారలేదు. పదింటికల్లా అందరివీ జారాయి. మడమ చిరిగినవి, రంగు వెలిసినవి, ఎప్పుడో కాలేజీకి వెళ్ళిపోయిన పిల్లలవి కూడా సంచుల్లో వచ్చాయి. దానమ్మ అనే ఆవిడ మూడే తెచ్చింది.

"నాలుగోదేదమ్మా?"

"జారిపోయి తోవలో ఎక్కడో పడిపోనాది బాబూ. జారిపోతన్నాయని నువ్వే సెప్పినావు గదా!"

హరిబాబు రెండు జతలిచ్చి పంపాడు. వరసలో వెనకనున్న ఒకాయన, "సాక్సే ఇలాగుంటే సొక్కాలు ఎన్నాళ్ళుంటాయి?" అన్నాడు. మధ్యాహ్నానికి కొత్త సాక్సు అయిపోయాయి, పాత నిక్కర్లు రావడం మొదలైంది. హరిబాబు షట్టరు దించేసి బడికి పరుగెత్తాడు.

ప్రిన్సిపాల్ ఈశ్వర్ గదిలో ఫోను మోగుతూనే ఉంది. "పొద్దున్నుంచీ అందరూ సాక్సనే అంటన్నారు. ఏటండీ ఇది?"

హరిబాబు డైరీ బల్ల మీద పడేశాడు. "మీ టీచరమ్మనే అడగండి!"

అనూరాధ వచ్చి డైరీ చూసింది, ఆయన్ని చూసింది. నవ్వు ఆపుకోవడానికి ఆవిడకి కొంచెం సమయం పట్టింది.

"దీనికి సాక్సుతో పని లేదండీ. పాప లెక్కల్లో వెనకబడింది, ఒళ్ళు వంచి చదవాలి అని అర్థం."

"ఆ ముక్క తెలుగులో రాస్తే మీ సొమ్మేటి పోతాది?"

"పోయిన నెల తెలుగులోనే రాశాను. ఇంగ్లీషు మీడియంలో తెలుగు రాతలేమిటని సారుకి ఫిర్యాదు చేసింది మీరే."

హరిబాబు ప్రిన్సిపాలు వైపు తిరిగాడు. "పోనీండి సార్, మన సాక్సు మంచివేనని తేలిపోనాది కదా. వచ్చే ఏడు ఆర్డరు..."

"ఎక్కడ తేలిందండీ? జారిపోతన్నాయని మీ గొంతుతోనే ఒప్పుకున్నారు. మూడొందల మంది విన్నారు. ఇంకా మీ దగ్గరే కొనమంటే నన్ను బతకనిస్తారా?"

వారం తిరక్కుండానే రాజాం షాపువాళ్ళు వచ్చి పిల్లల కొలతలు తీసుకుపోయారు.

సింధుకి ఆ నెల లెక్కల్లో వందకి ఇరవై రెండు వచ్చాయి. ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆ పిల్లా చెప్పలేదు.