పెద్దమనిషికి స్పానిష్ మాట

ఆ పొద్దున నరసింగరావు అనుకున్న పని చాలా చిన్నది. గరివిడి స్టేషనుకు వెళ్లాలి, రైలు దిగే అతిథితో స్పానిష్‌లో ఒక్క మాట అనాలి, ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టాలి.

అతిథి పేరు మతేయో. నరసింగరావు కొడుకు ధర్మేంద్ర పనిచేసిన సరుకు ఓడలో వంటవాడు. నిరుడు నడిసముద్రంలో ధర్మేంద్రకు జ్వరం ముదిరితే, ప్రాణం పోయేదాకా పక్కనే కూర్చుని గంజి తాగించినవాడు. ఇప్పుడా ఓడ విశాఖ రేవుకు వచ్చింది. స్నేహితుడి తల్లిదండ్రుల్ని చూడ్డానికి మతేయో ఒక్కరోజు సెలవు పెట్టాడు.

"మీరు పెద్దమనిషి బాబూ అని ఆయన బాసలోనే అనాల. ఏటంటారో సూడమ్మా," అన్నాడు నరసింగరావు కూతురు రేఖతో.

బడిలో పాఠం చెప్పడానికి పరుగెడుతున్న రేఖ ఫోనులో రెండు మాటలు వెతికి అతికించింది. "ఓంబ్రే గ్రాందే. ఆళ్లకి మనిషి ముందొస్తాడు, పెద్ద ఎనకొస్తాది. అనీ నానా, సరిపోద్ది."

రైలు తలుపు నిండా మతేయోనే ఉన్నాడు. అంత భారీ మనిషి. నరసింగరావు ఆయన చేతులు పట్టుకుని, "ఓంబ్రే గ్రాందే!" అన్నాడు. మతేయో తన పొట్ట వంక చూసుకుని చొక్కా కిందికి లాక్కున్నాడు.

అర్థం కాలేదేమోనని ఆటోలో ఇంకా గట్టిగా అన్నాడు. మతేయో తప్పు చేసినవాడిలా ఒక అంచుకు ఒదిగాడు. ఆటో అటే ఒరిగింది.

ఇంటి దగ్గర చూడవచ్చిన ఇరుగుపొరుగు గంగులుకూ, చిన్నతల్లికీ కూడా నరసింగరావు ఆ మాట నేర్పాడు. అందరూ చేతులు జోడించి "ఓంబ్రే గ్రాందే" అనేసరికి ప్లాస్టిక్ కుర్చీ కాలు ఫట్‌మంది. కిందపడ్డవాణ్ణి లేవదీస్తూ, ఓదార్పుగా, నరసింగరావు మళ్లీ అదే అన్నాడు.

అన్నం దగ్గర మతేయో రెండు మెతుకులు కతికి చేయి తీసేశాడు. ధర్మేంద్రకు ఇష్టమని తల్లి పద్మకుమారి వండిన రొయ్యల ఇగురు అలాగే ఉండిపోయింది. ఆమె వంటింట్లోకి పోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నా కొడుక్కి ఆకరి గంజి పోసిన సెయ్యండీ అది. నా కూడు ముట్టట్లేదు. ఏటి తప్పు సేసినాం?"

"నువ్వేడవకే. ఇంకోపాలి సెప్తానుండు."

నరసింగరావు కొడుకు ఫొటో తెచ్చి మతేయో ముందు పెట్టాడు. కళ్లు తుడుచుకుని, మెల్లగా అన్నాడు: "ఓంబ్రే గ్రాందే."

మతేయో ఫొటో వంక చూశాడు. భోరుమన్నాడు.

సరిగ్గా అప్పుడే బడి నుంచి వచ్చిన రేఖ గాభరాపడి ఫోను ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆయన వెక్కుతూ చెప్పినదంతా ఫోను వార్తలు చదివినట్టు తెలుగులో చదివింది.

"మీ కుమారుడు ప్రతి ఉదయం నన్ను ఇలాగే పలకరించేవాడు. గ్రాన్ అని ముందు పెడితే గొప్ప మనిషి, గ్రాందే అని వెనుక పెడితే లావు మనిషి అని ఎన్నోసార్లు చెప్పాను. మా ఊళ్లో రెండూ ఒకటే అని నవ్వేవాడు. అతడు మరణించిన తరువాత నన్ను ఎవరూ లావు మనిషి అనలేదు."

మతేయో కంచం దగ్గరికి లాక్కున్నాడు. పద్మకుమారి ఏడుస్తూనే వడ్డించింది, ఆయన ఏడుస్తూనే ఇగురంతా తిన్నాడు.

సాయంత్రానికి రేఖ తండ్రికి సరైన వరస నేర్పింది. రైలు కదులుతుంటే నరసింగరావు అక్షరం పొల్లుపోకుండా "గ్రాన్ ఓంబ్రే!" అన్నాడు. మతేయో మొహం వాడిపోయింది.

తప్పు దిద్దుకున్నందుకు ఎదుటి మనిషి అంతలా నొచ్చుకోవడం నరసింగరావు అదే మొదలు చూడటం.